తాత్కాలిక రక్షణ హోదా (టీపీఎస్) ముగింపు: వలసదారులకు మిగిలే చట్టపరమైన మార్గాలు

తాత్కాలిక రక్షణ హోదా అనేది అమెరికా వలస చట్టం కింద కొన్ని ఎంపిక చేసిన దేశాల పౌరులకు నిర్ణీత కాలానికి ఇచ్చే అనుమతి. దీన్ని వాడుకలో టీపీఎస్ అంటారు. సొంత దేశంలో యుద్ధమో, భూకంపమో, మరో అసాధారణ పరిస్థితో ఉన్నప్పుడు, అప్పటికే అమెరికాలో ఉన్నవారిని వెనక్కి పంపకుండా, ఉద్యోగం చేసుకునే వీలు కల్పిస్తూ ఉండనివ్వడం దీని ఉద్దేశం. ఈ హోదా దానంతట అది గ్రీన్‌కార్డుకు గానీ పౌరసత్వానికి గానీ దారితీయదు. ప్రభుత్వం ఒక దేశానికి దీన్ని ఎత్తివేసినప్పుడు, ఆ దేశస్థులు వేరే చట్టపరమైన ఆధారం చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. 2025 మార్చి నాటికి 17 దేశాలకు చెందిన సుమారు 13 లక్షల మంది ఈ హోదాలో ఉన్నారు. వారిలో అత్యధికులు వెనెజువెలా, హైతీ, ఎల్ సాల్వడార్ దేశాల వారు.

భారతదేశాన్ని ఈ జాబితాలో ఎన్నడూ చేర్చలేదు. అందుచేత అమెరికాలోని తెలుగువారికి ఎక్కువగా పరిచయమైన హెచ్-1బి, ఎఫ్-1 వీసాల ప్రపంచానికి ఇది కాస్త దూరం. అయితే ఆశ్రయం, గ్రీన్‌కార్డు, చట్టవిరుద్ధ నివాసం లెక్కలకు సంబంధించి కింద వివరించిన నిబంధనల్లో చాలావరకు అన్ని దేశాల వారికీ వర్తించేవే.

చారిత్రక నేపథ్యం

1990కి ముందు ఇలాంటి రక్షణకు ప్రత్యేక చట్టం లేదు. 1960ల నుంచి 'పొడిగించిన స్వచ్ఛంద నిష్క్రమణ' పేరుతో ప్రభుత్వమే తన విచక్షణ మేరకు కొన్ని దేశాల వారిని పంపించకుండా ఆపేది. ఎవరికి ఇవ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి అన్నదానికి కొలమానం ఉండేది కాదు. 1980లలో అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఎల్ సాల్వడార్ ప్రజలకు ఈ రక్షణ దక్కలేదు. వారి ఆశ్రయ దరఖాస్తుల్లో అత్యధికం తిరస్కరణకు గురయ్యాయి. ఈ అసమానతపై చర్చిల నుంచి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ సభ్యుల నుంచి వచ్చిన ఒత్తిడితో 1990 వలస చట్టంలో టీపీఎస్‌ను చేర్చారు. అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ ఆ ఏడాది నవంబరు 29న దానిపై సంతకం చేశారు. ఎల్ సాల్వడార్‌కు తొలి అవకాశాన్ని ఆ చట్టమే నేరుగా ఇచ్చింది.

ఆ తర్వాతి జాబితా చూస్తే ప్రపంచంలోని యుద్ధాలు, విపత్తుల పట్టికలా ఉంటుంది. 1991లో సోమాలియా, లైబీరియా, 1998 నాటి హరికేన్ మిచ్ తర్వాత 1999లో హోండురస్, నికరాగువా, 2001 భూకంపాల తర్వాత మళ్లీ ఎల్ సాల్వడార్, 2010 జనవరి 12 భూకంపం తర్వాత హైతీ, 2012లో సిరియా, 2015 ఏప్రిల్ భూకంపం తర్వాత నేపాల్, 2021లో వెనెజువెలా, మయన్మార్, 2022లో ఉక్రెయిన్, అఫ్గానిస్థాన్ చేరాయి. ఒక్కో విడత 6 నుంచి 18 నెలలకే ఇస్తారు. అయినా పొడిగింపుల మీద పొడిగింపులతో హోండురస్, ఎల్ సాల్వడార్ వాసులు రెండు దశాబ్దాలకు పైగా ఇదే హోదాలో గడిపారు. ఇళ్లు కొనుక్కున్నారు, అమెరికా పౌరులైన పిల్లల్ని పెంచి పెద్ద చేశారు. హోదా ఎత్తివేత ఇంత పెద్ద న్యాయ సమస్యగా మారడానికి ప్రధాన కారణం ఇదే.

హోదా ఇచ్చే తీరు, ముగించే తీరు

ఏ దేశాన్ని చేర్చాలి, దేన్ని తొలగించాలి అన్న అధికారం మొదట అటార్నీ జనరల్‌కు ఉండేది. 2003 నుంచి అంతర్గత భద్రతా శాఖ మంత్రికి దక్కింది. కొనసాగుతున్న సాయుధ పోరు, ఆ దేశం కోరిన మీదట పర్యావరణ విపత్తు, అసాధారణమైన తాత్కాలిక పరిస్థితులు అనే మూడు కారణాల్లో ఒకటి ఉండాలి. దరఖాస్తుదారు నిర్ణీత తేదీ నాటికే అమెరికాలో ఉండి, అప్పటి నుంచి అక్కడే నివసిస్తూ ఉండాలి. ఒక పెద్ద నేరంలో గానీ రెండు చిన్న నేరాల్లో గానీ శిక్ష పడినవారు అనర్హులు. వీసా మీద వచ్చారా, సరిహద్దు దాటి వచ్చారా అన్నది ఈ దశలో అడ్డు కాదు.

గడువు తీరడానికి కనీసం 60 రోజుల ముందు మంత్రి పరిస్థితిని సమీక్షించి నిర్ణయం తీసుకోవాలి. ఏ నిర్ణయమూ లేకపోతే హోదా దానంతట అదే 6 నెలలు పొడిగింపబడుతుంది. ముగింపు ప్రకటన ఫెడరల్ రిజిస్టర్ అనే ప్రభుత్వ గెజిట్‌లో వెలువడుతుంది. ప్రకటన వెలువడిన 60 రోజుల లోపు గానీ, చివరి పొడిగింపు గడువు తీరకముందు గానీ ముగింపు అమల్లోకి రాకూడదు. హోదాతో వచ్చిన ఉద్యోగ అనుమతి కార్డు మీద 'ఏ12' లేదా 'సి19' అన్న కోడ్ ఉంటుంది. యజమానులు కార్డు మీద ముద్రించిన తేదీని మాత్రమే చూస్తే చాలదు. గెజిట్ ప్రకటన ద్వారా ఆ తేదీ పొడిగింపబడి ఉండవచ్చు, లేదా కోర్టు ఉత్తర్వుతో మారి ఉండవచ్చు. ఈ తికమక వల్ల అనుమతి ఉన్నవారు కూడా ఉద్యోగాలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ముగిసిన తర్వాతి స్థితి

హోదా పోయినంత మాత్రాన ఆ రోజే బహిష్కరణ ఉత్తర్వు జారీ కాదు. సాధారణ నియమం ఏమిటంటే, హోదా పొందడానికి ముందు ఆ వ్యక్తికి ఏ స్థితి ఉండేదో, ఈలోగా సంపాదించుకున్న స్థితి ఏదైనా ఉంటే అది, తిరిగి వర్తిస్తుంది. ముందున్న వీసా గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటే మిగిలేది శూన్యం. ఆ రోజు నుంచి చట్టవిరుద్ధ నివాస కాలం లెక్కలోకి రావడం మొదలవుతుంది. అలాంటి కాలం 180 రోజులు దాటాక, ఏడాది నిండకముందు దేశం విడిచి వెళితే 3 ఏళ్లు, ఏడాది గానీ అంతకు మించి గానీ అయ్యాక వెళితే 10 ఏళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. ఇది వెళ్లినప్పుడు పడే శిక్ష, ఉన్నంతకాలం పడదు. హోదాలో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. హోదాకు ముందు పోగుపడిన రోజులు మాత్రం ఎన్నేళ్లయినా చెరిగిపోవు.

ఇక్కడి నుంచి ప్రతి మార్గమూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఆ వ్యక్తి మొదటిసారి అమెరికాలోకి ఎలా వచ్చారు? ఉదాహరణకు ఇద్దరు నేపాలీయుల్ని ఊహించుకోవచ్చు. ఒకరు 2013లో విద్యార్థి వీసాతో విమానంలో దిగి, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని, ఆ తర్వాత చదువు మానేసి స్టేటస్ పోగొట్టుకున్నారు. మరొకరు అదే ఏడాది మెక్సికో సరిహద్దు దాటి ఎవరి కంటా పడకుండా వచ్చారు. 2015లో ఇద్దరికీ టీపీఎస్ వచ్చింది. పదేళ్లపాటు ఇద్దరి కార్డుల మీదా ఒకే కోడ్. ఇద్దరూ అమెరికా పౌరుల్ని పెళ్లి చేసుకుంటే, మొదటి వ్యక్తి దేశం దాటకుండానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకోగలరు. రెండో వ్యక్తికి ఆ తలుపు మూసి ఉంటుంది.

కుటుంబ సంబంధం ద్వారా గ్రీన్‌కార్డు

అమెరికాలో ఉండగానే గ్రీన్‌కార్డు పొందడాన్ని స్థితి సర్దుబాటు అంటారు. అందుకు దరఖాస్తుదారు అధికారుల తనిఖీ తర్వాత ప్రవేశం పొంది ఉండాలి, లేదా పెరోల్ అనే ప్రత్యేక తాత్కాలిక అనుమతి మీద లోపలికి వచ్చి ఉండాలి. టీపీఎస్ ఇవ్వడమే ప్రవేశంతో సమానమా అన్న వివాదం చాలా ఏళ్లు నడిచింది. ఆరో, ఎనిమిదో, తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టులు సమానమేనన్నాయి. మూడో, ఐదో, పదకొండో సర్క్యూట్లు కాదన్నాయి. ఒకే చట్టం, ఒకే హోదా. అయినా ఒహాయోలో ఉన్నవారికి గ్రీన్‌కార్డు వచ్చేది, ఫ్లోరిడాలో ఉన్నవారికి వచ్చేది కాదు. 2021 జూన్ 7న శాంచెజ్ వర్సెస్ మయోర్కాస్ కేసులో సుప్రీంకోర్టు దీనికి తెర దించింది. జస్టిస్ ఎలెనా కేగన్ రాసిన ఏకగ్రీవ తీర్పు ప్రకారం చట్టబద్ధ హోదా వేరు, ప్రవేశం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

ఆ తీర్పు ఒక సందును మాత్రం ముట్టుకోలేదు. టీపీఎస్‌లో ఉండగా ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకుని విదేశానికి వెళ్లి, తిరిగి అధికారుల తనిఖీ తర్వాత లోపలికి వచ్చినవారి సంగతి అది. 2022 జూలైలో వలస సేవల విభాగం యూఎస్‌సీఐఎస్ పాత విధానాన్ని మార్చి, అలా తిరిగి వచ్చినవారు ప్రవేశం పొందినట్టేనని ప్రకటించింది. అంతకుముందు పెరోల్ పత్రంతో తిరిగి వచ్చినవారికి ఆ పెరోలే ఆధారం. ఇలాంటి అనుమతితో వెళ్లడం పదేళ్ల నిషేధాన్ని తెచ్చిపెట్టే నిష్క్రమణ కాదని బోర్డ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అప్పీల్స్ 2012లో ముందస్తు పెరోల్ విషయంలో తీర్పు చెప్పింది. కాబట్టి ఎప్పుడో అమ్మ అంత్యక్రియలకు అనుమతితో వెళ్లొచ్చిన హోండురస్ మనిషికి ఆ ప్రయాణమే ఈనాడు ఆధారమవుతుంది. హోదా ముగిశాక కొత్తగా అలాంటి అనుమతి దొరకదు. పాత ప్రయాణపు కాగితాలను భద్రపరచుకున్నారా లేదా అన్నదే తేలాల్సిన విషయం.

ప్రవేశం రుజువైతే అమెరికా పౌరుల భార్య లేదా భర్తకు, 21 ఏళ్లు నిండిన పౌరుల తల్లిదండ్రులకు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకు వీసా కోటా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. స్టేటస్ లేని కాలం కూడా వారికి అడ్డు కాదు. తోబుట్టువులు, పెళ్లయిన పిల్లలు వంటి ఇతర వర్గాల వారికి ఏళ్ల తరబడి వరుస ఉంటుంది. స్టేటస్‌లో ఖాళీలు ఉంటే సాధారణంగా సర్దుబాటు కుదరదు.

ప్రవేశం లేనివారికి పాత చట్టంలోని 245(ఐ) అనే నిబంధన కొన్నిసార్లు పనికొస్తుంది. 2001 ఏప్రిల్ 30 లోపు ఆ వ్యక్తి పేరున కుటుంబ సభ్యుడో, యజమానో పిటిషన్ వేసి ఉంటే, 1,000 డాలర్ల జరిమానా కట్టి దేశంలో ఉండగానే గ్రీన్‌కార్డు పొందవచ్చు. 1998 జనవరి 14 తర్వాత వేసిన పిటిషన్లయితే 2000 డిసెంబరు 21న ఆ మనిషి అమెరికాలో ఉన్నట్టు రుజువు కావాలి. తల్లి పేరున మామయ్య వేసిన పిటిషన్ ఆనాడు మైనరుగా ఉన్న బిడ్డకు కూడా వర్తించవచ్చు. గ్రీన్‌కార్డును మాత్రం ఆ పాత పిటిషన్ మీదే కాకుండా ఇప్పటి వేరే అర్హత మీద కూడా తీసుకోవచ్చు. అందుకే వలస న్యాయవాదులు ముందుగా అడిగే ప్రశ్నల్లో కుటుంబంలో ఎవరైనా ఎప్పుడైనా ఏదైనా దరఖాస్తు వేశారా అన్నది ఒకటి.

అదీ లేనివారికి మిగిలేది సొంత దేశంలోని అమెరికా కాన్సులేట్ ద్వారా వలస వీసా. అక్కడికి వెళ్లగానే పదేళ్ల నిషేధం ఎదురవుతుంది. 1997 ఏప్రిల్ 1 తర్వాతి చట్టవిరుద్ధ నివాసం మాత్రమే లెక్కకు వస్తుంది. ఆ ఏడాది చివర్లో సరిహద్దు దాటి వచ్చి 1999లో టీపీఎస్ తీసుకున్న వ్యక్తికి అప్పటికే ఏడాది దాటిపోయి ఉంటుంది. ఈ నిషేధాన్ని ఎత్తివేయమని, దేశం విడిచి వెళ్లకముందే ఐ-601ఏ ఫారంలో కోరవచ్చు. పౌరులో, గ్రీన్‌కార్డుదారులో అయిన జీవిత భాగస్వామికి లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన ఇబ్బంది కలుగుతుందని రుజువు చేయాలి. పిల్లలకు కలిగే ఇబ్బంది నేరుగా లెక్కలోకి రాదు.

ఉద్యోగం ద్వారా

యజమాని స్పాన్సర్ చేసే గ్రీన్‌కార్డు విషయంలోనూ మొదటి ప్రవేశమే కీలకం. వీసా మీద వచ్చినవారికి చట్టం టీపీఎస్ కాలాన్ని చట్టబద్ధ వలసేతర స్థితిగా పరిగణిస్తుంది. చివరి ప్రవేశం తర్వాత స్టేటస్ లేని రోజులు మొత్తం 180 దాటకపోతే ఉద్యోగ వర్గంలో సర్దుబాటు సాధ్యం. టీపీఎస్‌కు ముందు 100 రోజులు ఖాళీ ఉన్న మనిషికి, హోదా ముగిశాక మిగిలేవి 80 రోజులే. హెచ్-1బి వంటి వీసా స్థితికి మారడానికి కూడా హోదా అమల్లో ఉండగానే దరఖాస్తు వేయాలి. హెచ్-1బి ఏటా 85,000కే పరిమితం, మార్చిలో లాటరీ, అక్టోబరులో ఉద్యోగం మొదలు. కాబట్టి హోదా గడువు, లాటరీ క్యాలెండరు కలిసిరావడం అరుదు. టీపీఎస్ కార్మికుల్లో ఎక్కువమంది నిర్మాణం, హోటళ్లు, శుభ్రత, వృద్ధుల సంరక్షణ వంటి పనుల్లో ఉన్నారు. ఈ మార్గం వారిలో కొద్దిమందికే అందుతుంది.

ఆశ్రయం, దానికి దగ్గరి రక్షణలు

ఆశ్రయం అంటే జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండటం అనే ఐదు కారణాల్లో ఒకదాని వల్ల సొంత దేశంలో పీడన ఎదురవుతుందన్న సహేతుక భయం ఉన్నవారికి ఇచ్చే రక్షణ. టీపీఎస్‌కు ఆధారమైన యుద్ధం, భూకంపం ఇక్కడ సరిపోవు. దేశమంతా ప్రమాదకరంగా ఉందన్నది ఒక వాదన, తననే ఫలానా కారణంగా వెంటాడుతున్నారన్నది మరో వాదన. ఆశ్రయానికి కావలసింది రెండోది. కాబట్టి హోదా పోయిన ప్రతివారికీ ఆశ్రయం ప్రత్యామ్నాయం కాదు. అయినా ఇటీవలి ఏళ్లలో రాజకీయ ప్రత్యర్థులను జైళ్లలో పెట్టిన నికరాగువా, వెనెజువెలా, మయన్మార్ దేశాల వారిలో బలమైన కేసులు ఉన్నాయి. ఐఎన్ఎస్ వర్సెస్ కార్డోజా-ఫోన్సెకా కేసులో సుప్రీంకోర్టు 1987లో చెప్పినట్టు, పీడన జరిగే అవకాశం సగానికి తక్కువ ఉన్నా భయం సహేతుకమే కావచ్చు.

అమెరికాకు వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు వేయాలన్నది గడువు. టీపీఎస్ లాంటి చట్టబద్ధ హోదాలో ఉన్న కాలానికి మినహాయింపు ఉంది. హోదా ముగిశాక సహేతుకమైన సమయంలో వేస్తే చాలు. ఎన్ని రోజులు సహేతుకం అన్నది నిబంధనలో లేదు, ఆరు నెలలు దాటితే సాధారణంగా ఆలస్యమే అన్నది ప్రభుత్వ వైఖరి. హోదా రాకముందే ఏడాది గడిచిపోయి ఉంటే ఈ మినహాయింపు దక్కదు. అప్పుడు సొంత దేశంలో పరిస్థితులు మారాయని చూపించాలి.

దరఖాస్తుపై నిర్ణయం ఎప్పుడు వెలువడిందన్నదానికీ ప్రాముఖ్యం ఉంది. హోదా ఉండగానే దరఖాస్తు తిరస్కరణకు గురైతే ఆ వ్యక్తి హోదాలోనే కొనసాగుతారు. హోదా పోయాక తిరస్కరిస్తే కేసు నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకు వెళుతుంది. దరఖాస్తు వేసిన 150 రోజుల తర్వాత ఉద్యోగ అనుమతి కోరవచ్చు, 180 రోజులు నిండాక అది ఇస్తారు. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో ఆశ్రయ దరఖాస్తుకు తొలిసారి 100 డాలర్ల రుసుము, పెండింగులో ఉన్నంతకాలం ఏటా మరో రుసుము వచ్చి చేరాయి. 2025 చివర్లో యూఎస్‌సీఐఎస్ ఆశ్రయ నిర్ణయాలను నిలిపివేసింది. ప్రయాణ నిషేధ జాబితాలోని దేశాల వారి ఇతర దరఖాస్తులను కూడా పక్కన పెట్టింది. హైతీ, వెనెజువెలా, సోమాలియా, మయన్మార్ వంటి టీపీఎస్ దేశాలు ఆ జాబితాలో ఉన్నాయి.

ఆశ్రయం గడువు దాటినవారికి బహిష్కరణ నిలుపుదల ఉంది. దీనికి కాలపరిమితి లేదు గానీ రుజువు భారం ఎక్కువ: పీడన జరిగే అవకాశం సగానికి మించి ఉండాలి. హింస నిరోధక ఒప్పందం కింద రక్షణకు ఐదు కారణాలతో పని లేదు, కానీ ప్రభుత్వాధికారుల చేతనో వారి మౌనాంగీకారంతోనో చిత్రహింస జరుగుతుందని చూపాలి. ఈ రెండింటిలో ఏదీ గ్రీన్‌కార్డుకు దారితీయదు, కుటుంబానికి వర్తించదు. పైగా ఇవి ఫలానా దేశానికి పంపకుండా ఆపుతాయే తప్ప వేరే దేశానికి పంపకుండా ఆపవు. మూడో దేశానికి పంపేముందు అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్న కింది కోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2025 జూన్ 23న నిలిపివేయడంతో ఈ లోటు సిద్ధాంతంగా మిగలక ఆచరణలోకి వచ్చింది.

నేర బాధితులు, మైనర్లు

కొన్ని వర్గాలకు చట్టం ప్రవేశ నిబంధననే సడలించింది. తీవ్ర నేరానికి గురై పోలీసులకు సహకరించినవారికి యు వీసా, మనుషుల అక్రమ రవాణా బాధితులకు టి వీసా ఉన్నాయి. వాటి వార్షిక పరిమితులు వరుసగా 10,000, 5,000. యు వీసాకు నిరీక్షణ చాలా ఏళ్లు పడుతుంది. పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన జీవిత భాగస్వామి చేతిలో హింసకు గురైనవారు వారి సంతకం లేకుండా సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు. తల్లిదండ్రులు వదిలేసిన లేదా హింసించిన 21 ఏళ్లలోపు వారికి, రాష్ట్ర కోర్టు ఉత్తర్వు ఆధారంగా ప్రత్యేక బాల వలసదారు హోదా లభిస్తుంది.

ఇమిగ్రేషన్ కోర్టులో

ప్రభుత్వం హాజరు నోటీసు ఇచ్చాకే బహిష్కరణ విచారణ మొదలవుతుంది. ఇమిగ్రేషన్ కోర్టులు న్యాయశాఖ పరిధిలోనివి, స్వతంత్ర న్యాయవ్యవస్థలో భాగం కావు. లాయరును పెట్టుకునే హక్కు ఉంది గానీ ప్రభుత్వ ఖర్చుతో కాదు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో 'నోటారియో' అంటే న్యాయవిద్య ఉన్న అధికారి కాబట్టి, అమెరికాలో అదే బోర్డు పెట్టుకున్న అనర్హుల చేతిలో చాలామంది మోసపోతున్నారు. చట్టం ప్రకారం ఇక్కడ వాదించగలిగేది ప్రధానంగా న్యాయవాదులు, న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులు.

పదేళ్లు నిరంతరాయంగా అమెరికాలో ఉండి, సత్ప్రవర్తన కలిగి, పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భార్యకు, భర్తకు, తల్లిదండ్రులకు లేదా బిడ్డకు 'అసాధారణమైన, అత్యంత అరుదైన' ఇబ్బంది కలుగుతుందని నిరూపిస్తే, జడ్జి బహిష్కరణను రద్దు చేసి గ్రీన్‌కార్డు ఇవ్వవచ్చు. ప్రవేశం లేనివారికి కూడా ఇది అందుబాటులో ఉంటుంది. ఏటా 4,000 మందికే ఇస్తారు. దీన్ని ముందుగా తామే వెళ్లి అడగడానికి వీల్లేదు. బహిష్కరణ విచారణలో చిక్కుకున్నాకే కోరాలి. పదేళ్ల లెక్క హాజరు నోటీసు అందిన రోజుతో ఆగిపోతుంది. ఆ నోటీసులో విచారణ సమయం, స్థలం లేకపోతే లెక్క ఆగదని సుప్రీంకోర్టు 2018లో పెరైరా, 2021లో నిజ్-షావెజ్ కేసుల్లో తేల్చింది. పిల్లలు వాళ్ల అమ్మానాన్నల వెంట వెళ్లిపోతే చదువు, భాష దెబ్బతింటాయన్న సాధారణ వాదన సరిపోదు. తీవ్రమైన జబ్బు, ప్రత్యేక అవసరాలున్న బిడ్డ వంటి ఆధారాలు కావాలి.

టీపీఎస్‌కు ముందే బహిష్కరణ ఉత్తర్వు ఉన్నవారిది వేరే చిక్కు. హోదా ఉన్నంతకాలం ఆ ఉత్తర్వు అమలు కాకుండా ఆగి ఉంటుంది. హోదా పోగానే కొత్త విచారణ లేకుండానే అమలు చేయవచ్చు. కేసు తిరిగి తెరవమని కోరడానికి సాధారణంగా 90 రోజుల గడువు. నోటీసు అందక గైర్హాజరైనప్పుడు మాత్రం ఎప్పుడైనా కోరవచ్చు. దేశ పరిస్థితులు మారాయన్న కారణంతో ఆశ్రయం అడిగేవారికి కూడా ఆ గడువు వర్తించదు.

నిర్బంధం విషయంలోనూ ప్రవేశమే తేడా తెస్తోంది. తనిఖీ లేకుండా వచ్చినవారికి బెయిలు ఇచ్చే అధికారం ఇమిగ్రేషన్ జడ్జిలకు లేదని అప్పీల్స్ బోర్డు 2025 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. అనేక జిల్లా కోర్టులు దీనితో విభేదించాయి.

ఏ ఆధారమూ లేనివారికి స్వచ్ఛంద నిష్క్రమణ ఉంది. విచారణ మొదట్లోనే అడిగితే 120 రోజుల వరకు, చివర్లో అయితే 60 రోజుల వరకు గడువిస్తారు. దీనివల్ల రికార్డు మీద బహిష్కరణ ఉత్తర్వు పడదు. చట్టవిరుద్ధ నివాసం వల్ల వచ్చే పదేళ్ల నిషేధాన్ని మాత్రం ఇది తప్పించలేదు.

ముగింపు నిర్ణయంపై వ్యాజ్యాలు

దేశాన్ని చేర్చడం, తొలగించడం గురించి మంత్రి తీసుకున్న నిర్ణయాలు కోర్టు సమీక్షకు లోబడవని చట్టంలో ఉంది. నిర్ణయంలోని మంచిచెడ్డలను కాకుండా, దాన్ని తీసుకున్న పద్ధతిని, అధికార పరిధిని ప్రశ్నించవచ్చన్నది వలసదారుల తరఫు వాదన. 2017-18లో ట్రంప్ ప్రభుత్వం ఎల్ సాల్వడార్, హైతీ, నికరాగువా, సూడాన్, హోండురస్, నేపాల్ దేశాలకు హోదా ఎత్తివేసినప్పుడు, కాలిఫోర్నియా జిల్లా జడ్జి ఎడ్వర్డ్ చెన్ 2018 అక్టోబరు 3న రామోస్ కేసులో మొదటి నాలుగు దేశాల విషయంలో అడ్డుకున్నారు. హోండురస్, నేపాల్ వారి భట్టరాయ్ కేసు దానికి జతపడింది. 2020లో అప్పీలు ధర్మాసనం ఉత్తర్వును కొట్టివేసినా అది అమల్లోకి రాకముందే ప్రభుత్వం మారింది. అలా తుది తీర్పు లేకుండానే ఆ దేశాల వారికి ఏళ్ల సమయం దొరికింది.

2025లో అంత సమయం దొరకలేదు. వెనెజువెలా హోదా ముగింపును జడ్జి చెన్ మార్చి 31న నిలిపివేయగా, సుప్రీంకోర్టు మే 19న ఆ ఉత్తర్వును ఆపేసింది. సెప్టెంబరు 5న ఆయన తుది తీర్పిస్తే, అక్టోబరు 3న దాన్నీ ఆపింది. హైతీ గడువును ముందుకు జరపడం చెల్లదని న్యూయార్క్ జడ్జి బ్రయన్ కోగన్ జూలై 1న తీర్పునిచ్చారు. నేపాల్, హోండురస్, నికరాగువాలకు జిల్లా కోర్టులో దక్కిన ఊరట ఆగస్టు 20న అప్పీలు కోర్టులో ఆగిపోయింది. వ్యాజ్యాల వల్ల కొత్త హోదా రాదు. గెలిచినా దొరికేది గడువే, ఆలోగా పైన చెప్పిన మార్గాల్లో ఒకటి వెతుక్కోవాలి.

చట్టసభల ద్వారా

కొన్ని సమూహాలకు కాంగ్రెస్ నేరుగా గ్రీన్‌కార్డు దారి చూపింది. 1997 చట్టం (నకారా) నికరాగువా, క్యూబా వాసులకు, పరిమితంగా ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా వాసులకు వర్తించింది. 1998 చట్టం హైతీ వాసులకు వర్తించింది. 2019 డిసెంబరులో రక్షణ బడ్జెట్ చట్టంలో చేర్చిన నిబంధన లైబీరియా వాసులకు వర్తించింది. టీపీఎస్ ఉన్నవారిలో చాలామందికి శాశ్వత నివాసం ఇచ్చే బిల్లును ప్రతినిధుల సభ 2019లోనూ 2021లోనూ ఆమోదించినా సెనేట్ ఆమోదించలేదు. 1990 చట్టంలోనే ఒక అడ్డుకట్ట ఉంది: టీపీఎస్‌దారులకు శాశ్వత నివాసం ఇచ్చే బిల్లును సెనేట్ పరిశీలించాలంటే ఐదింట మూడు వంతుల మంది అంగీకారం కావాలి. చాలాకాలంగా దేశంలో ఉన్నవారికి గ్రీన్‌కార్డు ఇచ్చే 'రిజిస్ట్రీ' నిబంధన ఇప్పటికీ ఉంది గానీ, 1972 జనవరి 1కి ముందు వచ్చినవారికే అది వర్తిస్తుంది. ఆ తేదీని చివరిసారి మార్చింది 1986లో.

ఇతర దేశాల్లో

ఐరోపా సమాఖ్య 2001లో తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని రూపొందించినా, తొలిసారి వాడింది 2022 మార్చి 4న ఉక్రెయిన్ వాసుల కోసం. 40 లక్షలకు పైగా జనం దాని కింద ఉన్నారు. 2027 మార్చి 4 వరకు పొడిగించి, ఆ తర్వాత ఉద్యోగం, చదువు ఆధారంగా ఆయా దేశాల నివాస అనుమతుల్లోకి మారేలా చూడమని సభ్యదేశాలకు సూచించారు. 1990లలో జర్మనీ ఆశ్రయమిచ్చిన సుమారు 3.5 లక్షల మంది బోస్నియన్లలో ఎక్కువమంది 1995 డేటన్ శాంతి ఒప్పందం తర్వాత వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

భారతదేశం 1951 శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో నివసిస్తున్న రోహింగ్యాలకు ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ కార్డులున్నా, అవి దేశీయ చట్టం కింద నివాస హక్కు ఇవ్వవు. సమానత్వం, జీవించే హక్కు విదేశీయులకూ ఉంటాయనీ, దేశం నుంచి పంపించివేయకుండా ఉండే హక్కు మాత్రం పౌరులకే ఉన్న నివాస స్వేచ్ఛలో భాగమనీ భారత సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న, జమ్మూలోని రోహింగ్యాల కేసులో చెప్పింది. నిర్దేశిత ప్రక్రియ పాటించకుండా వారిని పంపకూడదని కూడా అదే ఉత్తర్వులో పేర్కొంది.